గౌరవనీయులైన బాటు గారికి

వికీపీడియాలో వ్యాసం రాస్తే పలకరించే దిక్కుండదు. పాత పత్రికలు తిరగేసి, మూలాలు చేర్చి, జనం మరిచిపోయిన ఒక హాస్యనటుడి జీవితమంతా రాసిపెట్టినా ‘బాగుందండీ’ అనే మనిషి కనపడడు. అదే ఒక్క సినిమా పోస్టరు ఎక్కించి చూడండి. టీ తాగి వచ్చేలోపు మీ చర్చ పేజీలో ఉత్తరం ఉంటుంది. బొమ్మ ఎక్కించినందుకు ముందు ధన్యవాదాలు చెబుతుంది. ఆ వెంటనే, లైసెన్సు ఏమిటో, హక్కుదారు ఎవరో రాయలేదు గనక ఏడు రోజుల తరవాత దాన్ని తీసెయ్యవచ్చని చెబుతుంది. ఇంత మర్యాదగా బెదిరించడం మనుషుల వల్ల కాదు. రాసింది మనిషి కాదు కూడా. బాటు.

బాటంటే ఒక చిన్న ప్రోగ్రాము. దానికి కళ్లుండవు. మీరు పెట్టింది ‘మాయాబజార్’ పోస్టరో, మేనకోడలి బారసాల ఫోటోనో దానికి తెలియదు, తెలియనక్కర్లేదు. బొమ్మ పేజీలో ఫలానా మూస (టెంప్లేటు) ఉందా, ఆ బొమ్మను ఏ వ్యాసంలోనైనా వాడారా, అంతే చూస్తుంది. లేదంటే చీటీ అంటించి తన దారిన పోతుంది. గడువు తీరాక తొలగించేది సాధారణంగా నిర్వాహకుడు, అంటే మనిషే. వికీలన్నీ పంచుకునే బొమ్మల కొట్టు కామన్స్‌లో ఏదైనా బొమ్మ పోతే, దాన్ని వాడుకున్న అన్ని భాషల వికీలూ తిరిగి ఆ ఖాళీ లంకెలు తుడిచిపెట్టే బాటు మళ్లీ వేరే ఉంది.

మా బాబాయికి ఇవేవీ తెలియవు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక పాత తెలుగు సినిమాల గురించి ఇంగ్లీషు వికీపీడియాలో రాయడం మొదలుపెట్టాడు. సినిమా హాళ్ల దగ్గర కొన్న పాటల పుస్తకాలు ఆయన దగ్గర ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. వాటి అట్టలు ఒక్కొక్కటే స్కాన్ చేసి ఎక్కించాడు. చీటీలు వచ్చాయి.

“హక్కుదారు ఎవరంటాడేమిట్రా? నా డబ్బులు పెట్టి నేను కొనుక్కున్నాను,” అన్నాడు.

“పుస్తకం నీదే బాబాయ్. అట్టమీది బొమ్మ నీది కాదు.”

“మరి ఇన్నాళ్లూ చెదలు పట్టకుండా కాపాడిందెవరు? ఆ హక్కుదారొచ్చి కలరా ఉండలు వేశాడా?”

1957 నాటి మన కాపీరైటు చట్టంలో కలరా ఉండల ప్రస్తావన లేదు.

బాబాయి ఊరుకోలేదు. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్’ అని మొదలుపెట్టి, సినిమా కథ, చూసిన హాలు, ఆ రోజు హాల్లో కరెంటు పోయిన సంగతి, అన్నీ కలిపి బాటుకు నాలుగు పేరాల జవాబు రాశాడు. అవతల ఉలుకూ లేదు, పలుకూ లేదు. అయితే కింద సంతకం పెట్టడం మరిచిపోయాడు. అలా మరిచిపోయేవాళ్ల కోసం అక్కడ సైన్‌బాట్ అని ఇంకో బాటు తిరుగుతూ ఉంటుంది. అది వచ్చి, ఈ వ్యాఖ్య ఫలానా వాడుకరి ఫలానా వేళకు రాశాడని కింద చేర్చి పోయింది. “ఎవరో పెద్దమనిషి. పూర్తిగా చదివి సాక్షి సంతకం కూడా పెట్టాడు,” అని బాబాయి సంబరపడ్డాడు. నేను ఆ సంబరం చెడగొట్టలేదు.

ఈ చీటీల గొడవకు పెద్ద చరిత్రే ఉంది. 2007 మార్చి 23న వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ బోర్డు ఒక తీర్మానం చేసింది. స్వేచ్ఛా లైసెన్సు, అంటే ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతి, లేని బొమ్మలు వాడుకోదలచిన వికీలు అందుకు కచ్చితమైన విధానం రాసుకోవాలి, ఆ విధానానికి ఒదగని పాత బొమ్మల్ని ఏడాదిలోగా, 2008 మార్చి 23 నాటికి, తీసెయ్యాలి. ఇంగ్లీషు వికీపీడియాలో అప్పటికే అలాంటివి గుట్టలుగా పడి ఉన్నాయి. అప్పుడు బీటాకమాండ్‌బాట్ అనే బాటు రంగంలోకి దిగింది. ఏ వ్యాసం కోసం బొమ్మ వాడుతున్నారో ఆ వ్యాసం పేరుతో సహా సంజాయిషీ రాయాలన్నది నియమం. వ్యాసం పేరు తరవాత మారినా, పేరులో ఒక అక్షరం తప్పినా, బాటు లెక్కలో సంజాయిషీ లేనట్టే. వేలకొద్దీ చీటీలు పడ్డాయి. తిట్టినవాళ్లు తిట్టారు, రూలు ప్రకారమే కదా అన్నవాళ్లు అన్నారు. చివరికి ఆ బాటునే నిరోధించారు. పాపం, తిట్లు కూడా అది చదవలేదు.

ఒకప్పుడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే మార్కుల జాబితా నకలు మీద గెజిటెడ్ ఆఫీసరు పచ్చ సిరా సంతకం ఉండాలి. గుమాస్తా చూసేది పచ్చ సిరానే. ఆ ఆఫీసరు అసలు జాబితా చూశాడా లేదా అన్నది ఆయనకు అనవసరం. బాటుకూ కావలసింది పచ్చ సిరానే. ఈ కిటుకు తెలిశాక జనం ఒకే సంజాయిషీని అన్ని బొమ్మల కిందా అతికించడం నేర్చారు. గూగుల్లో దొరికిన హీరో ఫోటోకు ‘ఇది నా సొంత కృతి’ అని ధైర్యంగా టిక్కు పెట్టినవాడి జోలికి ఈ రకం బాటు పోదు. ఫారంలో పెట్టె నిండింది కదా! దొరికిపోయేది నిజం చెప్పి పెట్టె ఖాళీగా వదిలేసిన మా బాబాయి లాంటివాళ్లు. ఆ టిక్కు దొంగను పట్టుకోవాలంటే మళ్లీ మనిషే కూర్చుని వెతకాలి.

బాబాయి చివరికి పెట్టెలన్నీ నింపాడు. అప్పుడు మరో బాటు వచ్చి అట్టను కుదించింది. స్వేచ్ఛా లైసెన్సు లేని బొమ్మ అవసరానికి మించి పెద్దదిగా ఉండకూడదు, సుమారు లక్ష పిక్సెళ్లు చాలని అక్కడి లెక్క. మన జేబులో ఫోను తీసే ఫోటోకు కోటి దాటి ఉంటాయి. “హీరో మీసం మిగిలింది గాని కెమెరామాన్ పేరు కనపడ్డం లేదురా,” అని తెర ముందు భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. చుక్కలు మాత్రం బాగా పెద్దవయ్యాయి.

ఇప్పుడు అట్టలు మానేసి కెమెరా పట్టాడు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాన్ని ఎవరైనా ఫోటో తీసి ప్రచురించుకోవచ్చని మన చట్టంలో 52వ సెక్షను చెబుతుంది. కట్టడాలకూ అంతే. గోడమీది చిత్రానికీ, సినిమా హోర్డింగుకూ ఆ వెసులుబాటు లేదు. అందుకని ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలైతే పేచీ లేదు గాని, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఫ్రేమంతా పోస్టరు నిండితే మళ్లీ చీటీయే.

నటుల సంగతి ఇంకా చోద్యం. బతికున్నవాళ్ల ఫోటోకు సంజాయిషీలు సాధారణంగా చెల్లవు. మనిషి బతికే ఉన్నాడు, ఎవరైనా వెళ్లి కొత్త ఫోటో తీసుకోవచ్చు కదా అని వాదం. న్యాయమే. హీరోగారి గేటు దగ్గరి కాపలావాడికి కూడా ఈ న్యాయం తెలిస్తే బాగుండేది. అందుకే కోట్లు పుచ్చుకునే నటుడి వ్యాసంలో కూడా ఏ ఫంక్షన్లోనో మైకు అడ్డంపడి, కళ్లు సగం మూసుకున్న ఫోటో దర్శనమిస్తుంది. హిందీ తారలు కాస్త నయం. బాలీవుడ్ హంగామా అనే వెబ్‌సైటు వాళ్లు వేడుకల్లో, షూటింగుల్లో తమ ఫోటోగ్రాఫర్లు తీసిన ఫోటోలను స్వేచ్ఛా లైసెన్సుతో వాడుకోనిచ్చారు, కామన్స్‌లో అవి బోలెడున్నాయి.

కాబట్టి మన నిర్మాతలకూ, సినిమా పత్రికలవాళ్లకూ ఒక మనవి. ఊరూరా గోడలకు పోస్టర్లు అంటిస్తూనే ఉన్నారు. నటుడికొక మంచి ఫోటో చొప్పున స్వేచ్ఛా లైసెన్సుతో మీరే ఎక్కించండి. ఎక్కించేటప్పుడు పెట్టెలన్నీ నింపండి.