ఫోటోకి పాత చీర

మా నాయనమ్మ మిషను కాంపౌండులో, ఇల్లిల్లూ తిరిగి బైబిలు చెప్పే బైబిలు స్త్రీగా పనిచేసిన రోజుల్లో ఏడెనిమిదేళ్లకోసారి ఒక మాట వినపడేదట: "దొరగారు ఫర్లోకి వెళ్లారు." ఫర్లో అంటే ఏమిటో కాంపౌండులో ఎవరికీ తెలీదు. వంటమనిషి మాత్రం ఘంటాపథంగా చెప్పేవాడట, అది అమెరికాలో ఒక ఊరని, ఊటీలాగా చల్లగా ఉంటుందని, దొరలు అక్కడికి పోయి ఒళ్లు బాగుచేసుకుని వస్తారని.

పాపం, అక్కడ కుదరనిది అదొక్కటే. ఫర్లో అంటే కాగితం మీద సెలవు. ఆచరణలో ఆదివారం పొద్దున ఒక చర్చి, సాయంత్రం ఇంకో చర్చి, బుధవారం రాత్రి ప్రార్థన కూటం, శనివారం స్త్రీల సమాజంవారి టీ. ఏడాది పాటు కారు డిక్కీలో కాపురం. పెట్టెలో మడతపెట్టిన ఇండియా. దాన్ని విప్పడం, పరవడం, చూపించడం, వచ్చిన కానుక లెక్కపెట్టుకోవడం, మళ్లీ మడతపెట్టడం. మన పగటివేషాలవాళ్లు నయం, ఒక ఊళ్లో కొన్నాళ్లయినా ఆగుతారు.

ఆ వేషం నేనొకసారి దగ్గర్నుంచి చూశాను. డల్లాస్ పక్కన ఉంటున్న మా తమ్ముడి కూతురు, పక్కింటివాళ్లు పిలిచారని ఒక ఆదివారం వాళ్ల చర్చికి తీసుకెళ్లింది. ఆరాధన అయ్యాక అందర్నీ కింది హాల్లోకి రమ్మన్నారు. అక్కడ ఇండియా నుంచి సెలవు మీద వచ్చిన కుటుంబం. ఆయన లాల్చీలో ఉన్నాడు, ఇస్త్రీ మడత ఇంకా పోలేదు. ఆవిడ చీర కట్టింది, పైట కుడి భుజం మీద వేసింది. ఇద్దరు పిల్లలు. చిన్నవాడిచేత "నమస్తే" అనిపించారు, జనం చప్పట్లు కొట్టారు. తెలుగుదేశంలో ఆరేళ్లున్నామని చెప్పిన ఇంట్లో పిల్లాడికి "నమస్కారమండీ" రాలేదంటే ఆ ఆరేళ్లూ ఎవరితో మాట్లాడారో! ఏ వీసా మీద ఉన్నారో కూడా నేనడగలేదు, మర్యాద కాదు.

బల్ల మీద ఇత్తడి గంట, కొండపల్లి ఎడ్లబండి, వాసన చూడ్డానికి గిన్నెలో పసుపు. ప్రపంచపటం మీద డల్లాస్ నుంచి బంగాళాఖాతం దాకా ఎర్ర ఊలుదారం. పక్కన దొంతరగా ప్రార్థన కార్డులు: కుటుంబం ఫోటో, వెనక అయస్కాంతం. ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంటే పాలకోసం తలుపు తీసినప్పుడల్లా మనం గుర్తొస్తాం. గోడమీద అట్టతో చేసిన థర్మామీటరు. నెలనెలా ఇస్తామని ఎంతమంది మాటిస్తే అంత ఎర్రరంగు పైకి పూస్తారు. ఆ రోజుకి ముప్పావువంతు దాటింది. నిండేదాకా టిక్కెట్లు కొనరాదు. జ్వరం నూటనాలుగుకి చేరితేనే రోగిని ఆసుపత్రినుంచి పంపించే వైద్యం ఇదొక్కటే.

లైట్లు ఆపారు. స్లైడ్లు మొదలయ్యాయి. గుడిసె. గుడిసె ముందు ముసలామె. బిందె. పుండున్న కాలు. బర్రె. ముక్కు కారుతున్న పిల్లాడు, కెమెరా వాడి కంటి ఎత్తున. సువార్త అందని పల్లె ఇదేనని ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. నేను ముందుకు వంగి చూశాను. గుడిసెకి కుడివైపు, ఫోటో అంచున, పసుపురంగు ఇంజనీరింగ్ కాలేజీ బస్సు వెనక చక్రం. మిగతా బస్సుని జాగ్రత్తగా కోసేశారు. బస్సు ఉంటే చీకటి పలచబడుతుంది, చీకటి పలచబడితే థర్మామీటరు కదలదు. ఆ బస్సు వెళ్లే రోడ్డుకి అటూ ఇటూ ఎన్ని చర్చిలుంటాయో మా జిల్లాలో పుట్టిన ఎవడికైనా తెలుసు. ఆదివారం పొద్దున్నే మైకులు ఒకదాన్నొకటి మింగేస్తుంటాయి.

భోజనాల దగ్గర ఒక పెద్దావిడ, నిజంగా మంచావిడ, ఆలుగడ్డా చీజూ వేసి ఓవెన్లో కాల్చిన వంటకం నా పళ్లెంలో వడ్డిస్తూ అడిగింది: "మీ ఊళ్లో నీళ్లు దొరుకుతాయా?" లేవని చెబితే ఆ లాల్చీ మనిషి మాట నెగ్గుతుంది, ఉన్నాయని చెబితే అబద్ధమవుతుంది. నాది ఒంగోలు.

ఈ వ్యాపారం కొత్తదని ఎవరూ బుగ్గలు నొక్కుకోనక్కర్లేదు. మన నెల్లూరు మిషను బతికి బట్టకట్టిందే ఇలా. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు చేరారు. పదమూడేళ్లు తిరిగేసరికి, ఇంత ఖర్చుకి ఇంతేనా ఆత్మలు అని 1853లో ఆల్బనీ మహాసభలో మూసేద్దామన్నారు. మ్యాపులో ఒంటరిగా మిగిలిన చుక్క అది. ఆ ఒంటరి చుక్క మీద శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాత్రికి రాత్రి పద్యం రాసేశాడు. అమెరికావాళ్ల దేశభక్తి గీతం రాసినాయన ఆయనే. పద్యం చదివారు, కళ్లు తుడుచుకున్నారు, నెల్లూరు బతికింది. కవిత్వానికి గిట్టుబాటు ధర లేదని తెలుగు కవులు ఊరికే ఏడుస్తారు. సరైన సభలో చదవలేదంతే.

1862లో మళ్లీ మూసేద్దామన్నారు. అప్పుడు సెలవు మీదున్న లైమన్ జ్యూవెట్ దొర, మీరు పంపినా పంపకపోయినా నేను పోతాను, తెలుగువాళ్ల మధ్యే చస్తాను అని కూర్చున్నాడు. ఇలాంటివాణ్ని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. 1869లో పెన్సిల్వేనియాలోని రీడింగ్ సభలో గుంటూరు హేయర్ అయ్యగారు చేసిందీ అంతే. రాజమండ్రి మిషను వేరేవాళ్లకి అప్పగించేద్దామని పెద్దలు తర్జనభర్జన పడుతుంటే, డెబ్బై అయిదు దాటిన ఆ ముసలాయన సంచీ చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు, నేను సిద్ధం అని. స్లైడూ లేదు, ఊలుదారమూ లేదు.

కానీ అంకెల్లేకుండా చందాలు రాలవు. అంకెల విషయంలో ఒంగోలు మిషను జాన్ క్లౌ దొరకి దక్కిన అదృష్టం ఎవరికీ దక్కలేదు. ఆయన 1872లో సెలవు మీద వెళ్లి రామాయపట్నం సెమినరీకి యాభైవేల డాలర్లు పోగుచేసుకొచ్చిన గట్టివాడు. తర్వాత 1876-78 ధాత కరువు. బకింగ్‌హాం కాలువలో కొంత పని కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలీ చూపించాడు. గంజికోసం చేరారన్న మాట రాకూడదని, కరువు నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు కూడా. అది మెచ్చుకోవాల్సిందే. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆ నాలుగు రెళ్లు చూడండి, పండుగరోజు లారీ నంబరులాగా లేవూ! ఫ్యాన్సీ నంబరు. వంద సంవత్సరాల పైచిలుకుగా ఆ అంకె మోగని మిషను పుస్తకం ఉండదు.

ఆ రోజు నీళ్లలో దిగిందెవరు? ఆరుగురు తెలుగు పాస్టర్లు. ఇద్దరు దిగడం, అలిసిపోయాక ఇంకో ఇద్దరు దిగడం. క్లౌ దొర గట్టున ఉన్నాడు, తన చేత్తో ఎవరినీ ముంచలేదు. దాచిందేమీ లేదు, తన ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు. కానీ అమెరికా వేదికలమీద అంకె నిలబడింది, దొర నిలబడ్డాడు, ఆ ఆరుగురు మాత్రం గుండ్లకమ్మలోనే ఉండిపోయారు, నడుంలోతు నీళ్లలో. వీళ్లందరికీ ముందు 1866లో చేరి, చెప్పుల పని చేసుకునే మాదిగ పల్లెలన్నీ కాలినడకన తిరిగిన యర్రగుంట్ల పేరయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. పేరయ్యకి ఫర్లో లేదు. ఎక్కడికి పోతాడు, ఇల్లు ఇక్కడే.

అడిగేవాళ్ల సంగతి సరే, అడక్కుండా రాబట్టేవాళ్లది ఇంకో ఘరానా. చైనాకి వెళ్లిన హడ్సన్ టేలర్ 1865లో చైనా ఇన్‌లాండ్ మిషను పెట్టి ఒక నియమం చేశాడు: మనుషుల్ని డబ్బడగం, దేవుణ్నే అడుగుతాం. 1866లో ఇంగ్లండులో టాటరిడ్జ్ అనే ఊళ్లో సభ పెట్టి, పటం కట్టి, చైనా కష్టాలు చెప్పాడు. అధ్యక్షుడు కల్నల్ ప్యూజెట్ కానుక పట్టిద్దామంటే ససేమిరా వద్దన్నాడు. కల్నల్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే, పళ్లెం తిప్పి ఉంటే ఏవో కొద్ది పౌండ్లు పడేసి నిద్రపోయేవాణ్నని చెప్పి, అయిదువందల పౌండ్ల చెక్కు చేతిలో పెట్టాడు.

టేలర్ నిజాయితీని నేను శంకించను. కానీ ఈ విద్య మనకి ఎక్కడో తగిలినట్టు లేదూ? "మాకేం వద్దండీ, అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అంటూ పెళ్లిచూపుల్లో కాఫీ చప్పరించే వియ్యంకుడు! బేరమాడేవాడితో తెగుతుంది, ఏమీ వద్దన్నవాడి దగ్గరే పొలం అమ్మాల్సి వస్తుంది. టేలర్ శిష్యుల శిష్యులు ఈనాడు ఉత్తరాలు రాస్తుంటారు: మా అవసరాలు ప్రభువుకి మాత్రమే చెప్పుకుంటాం. ఆ సంగతి తెలియజేయడానికి ఆరువందల మందికి పంపుతారు, అడుగున బ్యాంకు వివరాలతో.

మనవాళ్లు తక్కువ తిన్నారా? ఈ కళలో గురువుల్ని మించిపోయారు. దొర వస్తున్నాడని తెలిస్తే ముందురోజే ట్యూషను పిల్లల్ని పిలిపించి అనాథల్ని చేస్తారు. యూనిఫాం పంచుతారు, పాట నేర్పుతారు, పూలదండలు వేయిస్తారు. దొర ఏడుస్తాడు, ఫోటోలు తీసుకుంటాడు. భోజనాలయ్యాక అనాథల అమ్మలొచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. దొరకి ఒక ఫర్లోకి సరిపడా సరుకు దొరుకుతుంది, మనవాడికి రెండో అంతస్తు స్లాబు. ఒక్కటే చిక్కు. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక, సముద్రం దాటొచ్చే దయ ఎంతటిదైనా ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో దిగి, ఆ తర్వాతే మన ఊరి దారి పట్టాలి.

ఇదంతా రాస్తే మా చర్చి పెద్ద ఒకాయన నన్ను నిలదీశాడు. "ఏమోయ్, నీ కిడ్నీలో రాయి తీసింది వేలూరులో కాదూ? అది ఎవరి డబ్బు?" కాదనను. 1899లో ఐడా స్కడర్ చేతిలో డాక్టరు పట్టాతో న్యూయార్కులో ఎనిమిదివేల డాలర్లకోసం ఇల్లిల్లూ తిరిగింది. మగ డాక్టరుని తాకనివ్వం అన్నందుకు ఒకే రాత్రి పురిటినొప్పుల్లో ముగ్గురు ఆడవాళ్లు చచ్చిపోయిన సంగతి ఒక ఇంటి హాల్లో చెబుతుంటే, పక్కగదిలో కూర్చున్న షెల్ అనే ముసలి బ్యాంకరు విన్నాడు. చనిపోయిన తన భార్య పేరుమీద వేలూరులో ఆసుపత్రి కట్టమని పదివేలిచ్చాడు. మా చిత్తూరు, నెల్లూరు బంధువులు ఇప్పటికీ జ్వరం తగ్గకపోతే బస్సెక్కేది ఆ వేలూరుకే.

చర్చి పెద్దకి నేను చెప్పింది ఇదే: ఆ ముగ్గురి భర్తలు ఆవిడ గుమ్మందాకా నడిచి వచ్చారు, ఆవిడ రాత్రంతా మేలుకుంది. ఆ చీకటి ఆవిడ చూసిన చీకటి, అంచులు కోసి అంటించింది కాదు. ఆయన గడ్డం గోక్కుని, "నీకు దొరలంటే మొదట్నుంచీ కిట్టదు, మీ నాయనమ్మ పోలిక" అన్నాడు.

ఆయనకి నాయనమ్మ కథ తెలుసు మరి. ఒకసారి దొరలు ఫర్లోకి బయల్దేరే ముందు, బైబిలు స్త్రీలకి ఫోటో తీస్తామన్నారట. నాయనమ్మ క్రిస్మసుకి కొనుక్కున్న వెంకటగిరి చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, పొద్దున ఏడుకే బంగళా వరండాలో కూర్చుంది. దొరసానమ్మ వచ్చి చూసి, నొప్పించకుండానే, ఇంటికెళ్లి పొలానికి కట్టుకునే చీర కట్టుకు రమ్మంది. పూలు తీసేయమంది. ఫోటో తీసేటప్పుడు నవ్వొద్దంది.

ఏడాదిన్నరకి వాళ్లు తిరిగొచ్చారు. కాంపౌండంతా దండలతో ఎదురెళ్లింది. పలకరింపులయ్యాక నాయనమ్మ అడిగిందట: "అమ్మగారూ, నా ఫోటో ఎంత పలికింది?"

దొరసానమ్మకి అర్థం కాలేదో, అయిందో. నవ్వి, పెట్టెలోంచి ఒక వాసన సబ్బు తీసి చేతిలో పెట్టింది. నాయనమ్మ దాన్ని ఒక్కసారీ ఒంటికి రుద్దుకోలేదు. వెంకటగిరి చీర మడతల్లో పెట్టింది. ఆ ట్రంకుపెట్టె తెరిస్తే ఇప్పటికీ, చీర చిరిగిపోయినా, వాసన పూర్తిగా పోలేదు.