పడవకు పళ్ళుండవు

బంట్వారం మనిషిని పడవ గురించి సలహా అడగాలంటే అడిగేవాడికి ధైర్యం ఉండాలి. చెప్పేవాడికి అంతకన్నా ఎక్కువ ఉండాలి. మా దగ్గర ఎటు తిరిగినా కంది చేలు, పత్తి చేలు. మా చేలల్లో పడ్డ వాన కాగ్నాలో కలిసి, కర్ణాటకలో భీమను పట్టుకుని, కృష్ణతో పాటు బంగాళాఖాతం దాకా పోతుంది. నీళ్ళు పోయినయి గానీ మేం పోలేదు. కోట్‌పల్లి ప్రాజెక్టుకు హైదరాబాదు పిల్లలొచ్చి కయాక్‌లలో తెడ్డు వేస్తుంటే గట్టు మీద నిలబడి కాల్చిన మక్క కంకి తినడం, అంతే మా నౌకాయానం.

అయినా సియాటిల్‌లో ఉన్న మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, పాత తెరచాప పడవొకటి కొందామనుకుంటున్న. వీడియోల నువ్వొకసారి చూడాలె" అన్నాడు. నన్నే ఎందుకంటే మా నాయన ఒకప్పుడు ఎడ్ల అంగళ్ళలో బేరగాడు. అమ్మేవాడి మాటలో ఎక్కడ బొంకుందో మా ఇంట్లో పుట్టినవాళ్ళకు వాసన తెలుస్తుందని వాడి నమ్మకం. ఆ నమ్మకాన్ని పాడుచేయడం నాకిష్టం లేకపోయింది.

పడవ 36 అడుగులది, 1985 నాటిది, ఫైబర్‌గ్లాసుది. లోపల పడకలు, పొయ్యి, దేవుడి దయవల్ల ఒక మరుగుదొడ్డి. నెలల తరబడి సముద్రం మీదే కాపురం చేయడానికి కట్టిన రకం. ఎద్దు వయసు తెలియాలంటే నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతాం. పడవకు పళ్ళుండవు. కానీ అమెరికా పడవలకు వెనకవైపు కుడిచేతి పక్కన పన్నెండు అక్షరాలు, అంకెల గుర్తొకటి చెక్కి ఉంటుంది. ఆ కాలం పడవలకైతే చివరి రెండంకెలు మోడల్ సంవత్సరాన్ని చెబుతాయి. అది కాగితాలలోని నంబరుతో కలవాలి. పడవ మీద బ్యాంకు అప్పేమైనా మిగిలి ఉందో లేదో కూడా చూసుకోవాలి. కొన్నవాడి మెడకు అప్పు తగులుకోవడం భూమికైనా పడవకైనా ఒకటే.

"నలభై ఏండ్లదంటే ముసల్ది గాదా?" అన్నారు హోటల్ దగ్గర చాయ్ తాగే పెద్దలు. ముసలితనానికి సముద్రం దగ్గర వేరే లెక్కుంది. గోల్డెన్ గ్లోబ్ రేసని ఒకటుంది, ఒంటరిగా ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి రావాలి. 1988కి ముందు గీసిన నమూనా పడవలకే అందులో ప్రవేశం. 2018 పందెంలో మన నౌకాదళం మనిషి అభిలాష్ టోమీ తుఫానులో చిక్కి, పడవ స్తంభాలు విరిగి, నడుం దెబ్బతిని ప్రాణాలతో బయటపడ్డాడు. అదే మనిషి 2022లో మళ్ళీ బయలుదేరి, అలాంటి పాత నమూనా 36 అడుగుల పడవ మీదే 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో వచ్చాడు. కొత్తదైతే చెడదనీ కాదు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి ఆరుగురు నౌకాదళ మహిళలు భూమిని చుట్టివచ్చిన 'తారిణి' ఆ ఏడాదే నౌకాదళంలో చేరిన పడవ. మన హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ స్వాతి అందులో ఉన్నారు. దాని చుక్కాని యంత్రాంగం కూడా దారిలో మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకుని, 2018 మే 21న గోవా చేరారు. ఇదంతా చెప్పాక పెద్దల్లో ఒకాయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "గదంత సరే, మీ పోరనికి ఈతొస్తదా?" అని అడిగాడు. ఫోన్లో వాడిని అడిగాను. సిగ్నల్ పోయింది.

రెండోసారి ఫోన్ చేసినప్పుడు వాడు పడవల రేవులో ఉన్నాడు. అమ్మేవాడు తెల్లగడ్డం పెద్దమనిషి, మాట మెత్తన. పడవను తళతళలాడేట్టు కడిగి పెట్టాడు. అంగడికి తెచ్చే ముందు ఎద్దుకు నీళ్ళు పోసి, కొమ్ములకు రంగేసి, నూనె రాస్తారు. ఆ మెరుపులో మూపు మీది కాయను ఎవరూ చూడరు. "పైన చూడకురా, దూరగలిగిన చోటల్లా దూరు" అన్నాను.

వాడు ఇంజను పెట్టె తెరిచాడు. "ముందు చెయ్యి పెట్టి చూడు" అన్నాను. వేడిగా ఉంది. అంటే మనవాడు వచ్చేలోపు ఆయన ఒకసారి నడిపి ఉంచాడు. చల్లటి డీజిలు ఇంజను పొద్దున్నే ఎంత సతాయిస్తుందో కొనేవాడికి తెలియకూడదు కదా. ఆ రోజు వదిలేసి, మరునాడు ముందస్తు కబురు లేకుండా వెళ్ళమన్నాను. వెళ్ళాడు. మొండిగా దగ్గి దగ్గి లేచింది. నల్లపొగ వస్తే గాలి సరిగా అందడం లేదు, లేదా మీద భారం ఎక్కువైంది. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోంది. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే డీజిలు సరిగా మండనట్టు, లేదా నీళ్ళు ఎక్కడో దారి తప్పినట్టు. ఆయిలు పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే ఇక మాట్లాడకుండా ఇంటికి రావాలి. మా ఊరి ట్రాక్టర్లకూ ఇవే రోగాలు గనుక ఇక్కడ మాత్రం నా గొంతు బాగా లేచింది.

తర్వాత కప్పు మీద నడవమన్నాను, కాళ్ళకు చెప్పులు లేకుండా. అలాంటి పడవల కప్పును చాలావరకు పలచటి రెండు ఫైబర్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క పెట్టి కడతారు. ఎవరో ఎప్పుడో స్క్రూ బిగించి రంధ్రం సరిగా మూయకపోతే నీళ్ళు దిగి ఆ చెక్క మురుగుతుంది. పైకి ఏమీ కనబడదు, అడుగు వేస్తే మెత్తగా దిగుతుంది. ఒకచోట దిగింది. "ఇక్కడ కొద్దిగా..." అన్నాడు అమ్మేవాడు. కొద్దిగా అనే మాటకు అంగట్లో ఎంత ధర పడుతుందో మా నాయనకు తెలుసు.

స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలను పది పదిహేనేళ్ళకోసారి మార్చాలంటారు. ఎప్పుడు మార్చారో రసీదు అడగమన్నాను. ఆయన జ్ఞాపకం చెప్పాడు, రసీదు చూపలేదు. ఆ తీగలు పడవకు కట్టుకునే ఉక్కు పట్టీలు కప్పులోంచి కిందికి దిగుతాయి. తేమ ఉండి గాలి తగలని ఆ సందులో స్టెయిన్‌లెస్ స్టీలు కూడా లోలోపల తినేసుకుంటుంది. పైన మెరుస్తూనే ఉంటుంది. తెగిన రోజే తెలుస్తుంది, ఆ రోజు గాలి బాగా వీస్తూ ఉంటుంది.

ఇక సర్వేయరు. మా ఊరికి సర్వేయరొచ్చాడంటే ఎవరిదో గట్టు జరగబోతోందని అర్థం. పడవల సర్వేయరు వేరే జాతి. కొనేవాడు డబ్బిచ్చి పిలిపించుకుంటాడు. పడవను క్రేనుతో నీళ్ళలోంచి పైకెత్తించి, ప్లాస్టిక్ సుత్తితో అడుగంతా కొట్టి వింటాడు. టక్కుమంటే గట్టిది, మొద్దుగా మోగితే పొర విడిపోయింది. ఏళ్ళ తరబడి నానిన అడుగున బొబ్బలు లేస్తాయి, పొడిస్తే వెనిగర్ వాసన కొడుతుంది. పడవకూ కింద వేలాడే సీసపు బరువు 'కీల్'కూ మధ్య అతుకు దగ్గర పగులు కనిపిస్తే బోల్టుల సంగతి తేల్చుకోవాలి. అమ్మించిపెట్టే ఏజెంటు "మాకు తెలిసిన సర్వేయరున్నాడు" అంటే మాత్రం వద్దన్నాను. మా అంగట్లో దళారి రెండు చేతులా తీసుకుంటాడు, అది అందరికీ తెలిసిన విషయం గనుక మోసం కాదు. సర్వేయరు ఒక్క చేత్తోనే తీసుకోవాలి, అదీ మనదగ్గరే.

రిపోర్టు లావుగా వచ్చింది. బేరం దగ్గర నాకు కష్టమైంది. మా దగ్గర తువాలు కింద చేతులు కలిపి వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియదు. అక్కడ అన్నీ ఈమెయిలులో. రిపోర్టులో రాసిన ప్రతి రోగానికీ మందు ఖర్చు వేసి, ఆ మొత్తం తగ్గించమని రాయమన్నాను. పడవ ధరలో పదోవంతు ఏటా దాని మీదే పోతుందని అక్కడి పాత కాపులు చెబుతారట, అదీ గుర్తుచేశాను. పోరడికి ఇవేవీ ఎక్కడం లేదు. అప్పటికే దానికి పేరు పెట్టుకున్నాడు. పేరు పెట్టాక బేరం చేయడం ఎద్దుతోనే కాదు, దేనితోనూ కుదరదు.

ఆఖరి మాటకని మళ్ళీ రేవుకు వెళ్ళిన రోజు, నేను వీడియోలో చూస్తుండగా, వాడి భార్య, అంటే మా కోడలు, పడవలోకి దిగింది. అప్పటిదాకా రేవులో బెంచీ మీద కూర్చుని ఎవరి ఇంజనుతోనూ, ఎవరి పొగతోనూ సంబంధం లేనట్టున్న మనిషి. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో మరుగుదొడ్డి గొట్టాలను గట్టిగా తుడిచి, ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. గొట్టంలోంచి వాసన బయటికి ఊరుతోందంటే అది ఎప్పుడో మార్చాల్సిందని అర్థం. నేను ఇన్ని రోజులు చెప్పినవాటిలో ఈ పరీక్ష లేదు.

గుడ్డ అలాగే పట్టుకుని పైకొచ్చి తెల్లగడ్డం పెద్దమనిషికి అందించింది. ఆయన కూడా వాసన చూశాడు.

"మామయ్యా," అంది ఫోన్ తన వైపు తిప్పుకుని, "ఇంకెంత తగ్గించమందాం?"

"నన్నెందుకు అడుగుతున్నవమ్మా? ఆయన మొహం జూసి నువ్వే చెప్పు."

చెప్పింది. మా మేనల్లుడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు, అమ్మేవాడు ఒక్క చేత్తోనే పట్టుకున్నాడు. ఆ లెక్కన బేరం తెగినట్టే.