పద్మినీ విక్రయ గద్యం – టీకా తాత్పర్య సహితం

మూలం: ఫియట్ పద్మిని, 1978. సింగిల్ ఓనర్. రన్నింగ్ కండిషన్. కొంచెం పని ఉంది. రేటు మాట్లాడుకోవచ్చు.

అవతారిక: ఇది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్, రాబర్ట్‌సన్‌పేటలో ఒక కారు వెనకద్దానికి అంటించిన అట్టముక్క మీది గద్య. కవి అజ్ఞాతుడు; ఫోన్ నంబరు మాత్రం ఉంది. తక్కువ ధరకు పాత కారు కొని, మొదటిసారిగా స్వయంగా బాగుచేయించుకోవాలని బయల్దేరిన అమాయకుడు దీనికి పాఠకుడు. వ్యాఖ్యాత మల్లినాథుడు ఈ గద్యను ముట్టలేదు గనుక మేము పూనుకొన్నాము.

టీక: ఫియట్ పద్మిని = ఇటలీ ఫియట్ 1100కు ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఎత్తించిన అవతారము; 1089 సీసీ ఇంజనూ, స్టీరింగు పక్కన గేరూ కలది. చిత్తోడ్ రాణి పేరు పెట్టారు. కోలారు సరిహద్దు దాటితే వచ్చే మన చిత్తూరుకు ఈ కీర్తిలో వాటా లేదు.

విశేషము: పద్మిని అనగా తామరకొలను. ఈ పద్మినికి నీరే పగ. కాబట్టి విరోధాభాసాలంకారము. ఈ కారుకు విడిగా చాసిస్ లేదు, రేకే దాని ఎముక. తుప్పు పట్టింది అంటే అందం చెడిందని కాదు, నడుము విరిగిందని. చెన్నై ఉప్పుగాలిలో పెరిగిన కారు పైకి ఎంత మెరిసినా దండం పెట్టి రావలెను. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. బోరు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని పొలాలున్నాయి. రైతును ఏడిపించిన ఆ కరువే ఇక్కడి షెడ్లలో రేకును కాపాడింది.

సింగిల్ ఓనర్ = ఒక్కడే యజమానిగా కలది; బహువ్రీహి. ఆ ఒక్కడెవరో సమాసము చెప్పదు. తరచుగా ఆయన స్వర్గస్థుడై ఉంటాడు, అట్టముక్క రాసినది అల్లుడై ఉంటాడు. అప్పుడు ముందు ఫారం 31తో వారసుడి పేరుకు మారాలి. ఆ తర్వాతే అమ్మకపు ఫారాలు 29, 30 మీద అతని సంతకానికి విలువ. వేరే రాష్ట్రం నంబరైతే ఎన్‌వోసీ కూడా అడగవలెను. పదిహేనేళ్లు దాటిన ఆర్‌సీని ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఎప్పటి నుంచి పొడిగించలేదో చూడక అడ్వాన్సు ఇచ్చేవాడికి టీక అనవసరం.

పూర్వపక్షము: వింటేజ్ నంబరు తీసుకోరాదా? సమాధానము: 2021 నిబంధన యాభై ఏళ్లు దాటిన బండ్లకు. 1978 మోడలుకు ఇంకా వయసు రాలేదు. వచ్చినా ఆ నంబరుతో రోజువారీ తిరుగుళ్లు కుదరవు. ఆదివారం బంగారుపేటకు పోయి టిఫిను తిని రావాలనుకొనేవాడికి మామూలు నంబరే మేలు.

రన్నింగ్ కండిషన్ = అభిధలో, నడుచును. కానీ గంగలో గొల్లపల్లె అంటే గట్టున అని అర్థం చేసుకొన్నట్టు, ఇక్కడ లక్షణ పట్టవలెను: పరిగెత్తేది వెనక తోసేవారు. వ్యంజనలో, బ్యాటరీ పక్క షాపుది. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే రేపు పొద్దున్నే వస్తామని చెప్పి రావలెను. అయినా ఇంజను గురించి బెంగ వద్దు. దశాబ్దాలు ట్యాక్సీగా తిరిగిన జాతి; రింగులు, బేరింగులు, కార్బురేటర్ కిట్టు బెంగళూరు జేసీ రోడ్డులో వెతికితే దొరుకుతాయి.

కొంచెం పని ఉంది = గద్యకు ప్రాణము ఇక్కడే ఉన్నది. అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపుల అడుగునా, చక్రాల పైనా ఆనించాలి. పట్టని చోట రేకు లేదు, పుట్టీ ఉన్నది. కార్పెట్ ఎత్తి, బ్యాటరీ కిందా, స్టెప్నీ గుంటలోనూ స్క్రూడ్రైవర్‌తో పొడవాలి. పక్కనుంచి జాకీ ఎత్తి తలుపు మూసి చూడాలి. సరిగ్గా పడకపోతే నడుము పోయినట్టే. ఇలాంటిచోట కేజీఎఫ్ వాడు అదృష్టవంతుడు: గనుల వర్క్‌షాపులూ, 1964లో పుట్టిన బీఈఎంఎల్ వారి ఫ్యాక్టరీ తరాలుగా ఫిట్టర్లనూ వెల్డర్లనూ తయారు చేశాయి. అలాంటి మేస్త్రీ ఒకడు రేకు తట్టి చూసి, "ఇంజనుకు నేనుండా సామీ, రేకుకు దేవుడే" అన్నాడంటే బేరం ముగిసినట్టే.

పాఠాంతరములు: కొన్ని ప్రతులలో ‘అంబాసిడర్’ అని ఉన్నది. 2014 దాకా ఉత్తర్‌పాడాలో తయారైనది గనుక సామాన్లు ఇంకా తేలిక. తుప్పు తిన్న పద్మిని కంటే గట్టి అంబాసిడరే మా మతము. ‘హెరాల్డ్’ అనేది రసికుల పాఠము. మద్రాసు స్టాండర్డ్ వారిది. చాసిస్ విడిగా ఉంటుంది, బానెట్ మొత్తం ముందుకు వాలుతుంది, పని నేర్చుకోవడానికి అంత అనువైనది లేదు. కానీ 1971తో ఆగిన బండి. సామాను వేట అలవడ్డాక, రెండో కారుగా కొనవలెను.

రేటు మాట్లాడుకోవచ్చు = కవికి తన గద్య మీద నమ్మకం లేదు. ఈ ఊరి చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్ల లోతుకు దిగారు. తీసే ఖర్చు బంగారం విలువను మింగేసింది, 2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. దాదాపు అప్పుడే పద్మిని తయారీ కూడా ఆగిపోయింది. ఖర్చు విలువను మింగే ఈ లెక్క ఈ ఊరివాడికి ఒకరు చెప్పాలా? కారు ధర గేటు టికెట్టు మాత్రమే. టింకరింగ్, పెయింటింగ్, సీట్లు లోపల ఉన్నాయి. కావున బేరమాడకూడదు. స్క్రూడ్రైవర్ దిగిన చోటు చూపించి మౌనం వహించవలెను. తక్కిన తాత్పర్యము కవే చెప్పుకొంటాడు.