పొద్దున ఐదింటికి గులాబీ పంపే అన్నకు

అన్నా,

మీ పేరు రాయను. రాయాల్సిన అవసరమూ లేదు. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో మీరు లేని వాట్సాప్ గ్రూపు ఉందంటే నేను నమ్మను. అపార్ట్‌మెంట్ గ్రూపులో మీరే, టెన్త్ బ్యాచ్ గ్రూపులో మీరే. ఎవరిదో పెళ్లికని పెట్టి, ఆ దంపతులకు పిల్లలు పుట్టినా ఎవరూ తీసెయ్యని గ్రూపులో కూడా మీరే. వాటితో నాకు పంచాయితీ లేదు. నా బాధంతా మా రాతల గ్రూపు గురించి.

మాది సంఘం కాదు, సంస్థ కాదు. ఆ రోజు కంటికో, చెవికో, నాలుకకో తగిలిన ఒక్క సంతోషాన్ని రాత్రి పడుకునే ముందు ఐదు వాక్యాల్లో రాసి పెట్టాలని కొందరం ఒప్పుకున్నాం. చదివిన పుస్తకం కావొచ్చు, చూసిన సినిమా కావొచ్చు, తిన్న సర్వపిండి కావొచ్చు. షరతు ఒక్కటే: ఎవరిది వాళ్లదై ఉండాలి. వారానికో చిన్న పరీక్ష కూడా పెట్టుకుంటాం. ఒక వారం 'అందమైన' అన్న మాట వాడకూడదు. ఇంకో వారం సినిమాలో ఎవరూ నోరు విప్పని సీను గురించే రాయాలి. మరో వారం పుస్తకం లోపలికి పోకుండా అట్ట గురించి, వాసన గురించి, మొదటి పేజీలో ఎవరో పాత యజమాని చేసిన సంతకం గురించి రాయాలి. వినడానికి పిల్లలాటలా ఉంటుంది. 'అందమైన' లేకుండా భద్రకాళి చెరువు కట్ట మీది సాయంత్రాన్ని ఐదు వాక్యాల్లో రాయమంటే అప్పుడు తెలుస్తుంది.

రాసేవాళ్లెవరూ రచయితలు కారు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసే ఆయన ఒకనాడు ఇట్ల రాశాడు: "ఇయ్యాల సరుకు తక్కువొచ్చింది. తుమ్ములు లేవు, కండ్లు మండలే. కుర్చీల కూసోని పేపరు ఆఖరి పేజీ దాకా చదివిన." ఎంజీఎం ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే నర్సమ్మ, తెల్లారి ఇంటికి పోయే బస్సులో కిటికీ సీటు దొరికిన సంగతి రాసింది. ఇవి అచ్చుకు పోయే రాతలు కావు. పోవాలని ఎవరికీ లేదు కూడా. కానీ ఎర్ర మిర్చి బస్తాల మధ్య తుమ్ములేని రోజు ఎంత హాయో ఆయన చెప్తే తప్ప నాకెట్ల తెలుస్తుంది?

సరిగ్గా అక్కడికే మీరొస్తారు. ఇంకా చీకటి ఉండగానే ఒక గులాబీ, దాని మీద నీటిబొట్లు, పక్కన పొగలు కక్కే కాఫీ కప్పు, మీద మెరిసే అక్షరాల్లో శుభోదయం. దాని వెనకే ఒక సూర్యోదయం, ఒక పసిపాప, ఒక పావురాల జంట. ఆరు గంటలయ్యేసరికి రాత్రి రాసినవన్నీ పైకి, చేతికందనంత పైకి పోతాయి.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ఎవరూ మాట్లాడని సీను వారంలో మా గ్రూపులోని ఒక టీచరమ్మ బి. నర్సింగరావు గారి 'దాసి' గురించి రాసింది. 1988 నాటి సినిమా, ఐదు జాతీయ అవార్డులు తెచ్చుకున్న సినిమా. అందులో దాసిగా వేసిన అర్చన మాటల్లో చెప్పేది తక్కువ. గడిలో నడిచే నడకలో, తల దించుకున్న తీరులో చెప్పేదే ఎక్కువ. ఆ టీచరమ్మ వాళ్ల నాయనమ్మ చిన్నప్పుడు ఒక దొర ఇంట్లో పని చేసిందట. సినిమా చూస్తుంటే ఆ నాయనమ్మ నడక గుర్తొచ్చిందట. రాత్రి పదకొండున్నరకు పెట్టింది. మామూలుగా మా వాళ్లు పొద్దున చాయ్ తాగుతూ చదువుతారు. ఆ పొద్దున మీరు 'చిరునవ్వే సిరిసంపద' అన్న బొమ్మతో మొదలుపెట్టి పది పంపారు. చివరిది, అంతకుముందు రోజు రిలీజైన ఏదో సినిమాకు ఎవరో వేసిన స్టార్ల లెక్క. సాయంత్రానికి దాని మీదే చర్చ: రెండున్నరా, మూడా? 'దాసి' గురించి ఒక్కరూ మాట్లాడలేదు. టీచరమ్మ ఆ వారమంతా మళ్లీ రాయలేదు.

మీకు మా మీద కోపం లేదని నాకు తెలుసు. పంపేముందు పైన ఏముందో మీరు చూడరు, అంతే.

ఈ గులాబీల సంగతి మన ఊరిదే కాదనుకోండి. 2018 జనవరిలో అమెరికాలోని వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక దీని మీద ఒక పెద్ద కథనమే వేసింది. మన దేశంలో స్మార్ట్‌ఫోన్ ఉన్న ప్రతి ముగ్గురిలో ఒకరికి రోజూ ఫోన్‌లో జాగా అయిపోతోందని, అమెరికాలో అది పదిమందిలో ఒకరికేనని తేలింది. ఎందుకని గూగుల్ వాళ్లు ఆరా తీస్తే బయటపడింది గుడ్‌మార్నింగ్ బొమ్మలే. వాటిని ఏరి పారేయడానికి వాళ్లు తమ ఫైల్స్ యాప్‌లో ప్రత్యేకంగా ఒక ఏర్పాటు చేశారు. అదే ఏడాది వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. అది పుకార్లు ఆపడానికి పెట్టిందే, మిమ్మల్ని ఆపడానికి కాదు. మీరు ఐదైదు చొప్పున పంపడం నేర్చుకున్నారు. మీ ఓపికకు దండం పెట్టాలి.

జాగా పోతే పోయింది, తుడిచేసుకుంటాం. నాకు అసలు మండేది కవి కాళోజీ దగ్గర.

ఆయన ఫోటో మీ దగ్గర ఒకటుంది, ఎవరికైనా ఇట్టే గుర్తుపట్టేది. దాని కింద నాలుగు లైన్లు: గతాన్ని మరిచిపొమ్మని, ఎవరేమన్నా నవ్వుతూ సాగిపొమ్మని. కింద 'కాళోజీ' అని పేరు. అన్నా, మీరుండేది హనుమకొండలో. కాళోజీ పెరిగిన మడికొండ మనకు బండి మీద పోయివచ్చేంత దూరం. 1914 సెప్టెంబర్ 9న ఆయన పుట్టిన రోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన పేరిట మన దగ్గర హెల్త్ యూనివర్సిటీ ఉంది, 2024లో తెరిచిన కళాక్షేత్రం ఉంది. 2002లో పోయినప్పుడు దేహాన్ని కూడా కాకతీయ మెడికల్ కాలేజీకే ఇచ్చిన మనిషి. ఇంత దగ్గరి మనిషి నోట, ఆయన అనని మాట పెట్టడానికి మీకు చెయ్యెట్ల వచ్చింది?

ఆయన కవిత్వం పేరే 'నా గొడవ'. మొదటి సంపుటి 1953లో వచ్చింది. ఎప్పటికప్పుడు కళ్లముందు జరిగినదానికి ఊరుకోలేక రాసుకున్న కవిత్వం అది. ఒకరకంగా చూస్తే ఈ నేల రోజువారీ లెక్కల పుస్తకం. ఎవరేమన్నా నవ్వుతూ పొమ్మని చెప్పే మనిషైతే జైలుకెందుకు పోతాడు? నిజాం కాలంలో ఊరి నుంచి బహిష్కరణ ఎందుకు పడుతుంది? ఖలీల్ జిబ్రాన్ 'ప్రాఫెట్'ను 'జీవన గీత'గా తెలుగు చేసినప్పుడు అది జిబ్రాన్‌దేనని చెప్పుకున్నారు, తనదనలేదు. (జిబ్రాన్ పేరిట కూడా మీ దగ్గర రెండు బొమ్మలున్నాయి. వాటి జోలికి ఇప్పుడు పోను.)

కవి దాశరథి గారిని కూడా ఒకసారి తలుచుకోండి. పాత వరంగల్ జిల్లా చినగూడూరు ఆయనది. నిజామాబాద్ జైలులో రాసుకోవడానికి కాగితం లేకపోతే గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. మీ చేతిలో కీబోర్డు ఉంది. మాట్లాడితే రాసిపెట్టే మైకు గుర్తు కూడా ఉంది.

తప్పుడు బొమ్మల సంగతి కూడా చెప్పే పోతాను. ఈ మధ్య 'మన వేయిస్తంభాల గుడి వైభవం' అని మీరు పంపినవి వేయిస్తంభాల గుడివి కావు. ఆ నల్లరాతి మదనికలు ములుగు జిల్లా పాలంపేట రామప్ప గుడివి. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప శాసనం 1213 నాటిది. మధ్యలో యాభై ఏండ్లు, అరవై కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నాయి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వేయిస్తంభాల గుడి మీరు రోజూ పాలు తెచ్చుకునే దారిలోనే ఉంది. ఆగి ఒక ఫోటో తీస్తే అది మీది అవుతుంది. వంకరగా వచ్చినా ఫరవాలేదు.

మీ తరఫున ఒక వాదన నేనే చెప్తాను, ఎందుకంటే అది గట్టిది. ఒకరి మాట ఇంకొకరు మోసుకుపోవడం మన దగ్గర తప్పు కాదు. సామెతలకు కర్త ఎవరు? చాటువుల్లో సగం ఎవరివో ఎవరికీ తెలియదు. పద్మాక్షి గుట్ట కింద బతుకమ్మల చుట్టూ తిరిగే ఆడవాళ్లు పాడే పాట ఎవరు కట్టారని అడిగితే నవ్వుతారు. నిజమే. కానీ అన్నా, ఎప్పుడైనా దగ్గర నిలబడి విన్నారా? పాట అందరిదే అయినా పాడే ఆమె అందులో తన ఊరి పేరు వేస్తుంది. తన అన్నల లెక్క వేస్తుంది, నిరుడు పోయిన అత్తను కలుపుతుంది. చరణం మరిచిపోతే అప్పటికప్పుడు ఒకటి అల్లుతుంది. పూలు కూడా ఎవరింటివి వాళ్లవే: గునుగు ఎక్కువ దొరికినామె గునుగే పేర్చుతుంది. మీరు పంపే గులాబీ ఏ పెరట్లోనూ పూయలేదు. కేరళ నుంచి కెనడా దాకా అదే గులాబీ, అవే నీటిబొట్లు.

ఒక్క మామూలు రోజులో రాయడానికేముందని మీరనుకోవచ్చు. అంపశయ్య నవీన్ గారు మన పాత వరంగల్ జిల్లావారే, వావిలాలలో పుట్టారు, హనుమకొండలో ఉంటారు. ఒక యూనివర్సిటీ కుర్రవాడి ఒకే ఒక్క రోజును తీసుకుని, నిద్రలేచిన దగ్గర్నుంచి వాడి తలలో తిరిగిందంతా నవలగా రాశారు. 1969లో వచ్చింది. ఆ నవల పేరే ఆయన ఇంటి పేరైపోయింది. నవల రాయమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. ఒక రోజులో ఎంత పడుతుందో చూడమంటున్నాను. కావాలంటే 1904 నుంచి హనుమకొండలో ఉన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం గ్రంథాలయానికి ఒకసారి పోయి ఆ నవల అడగండి. కాళోజీ పేరుతో వచ్చిన మాట ఆయన అన్నదో కాదో కూడా అలాంటి చోటే తేల్చుకోవాలి.

ఇంత కటువుగా రాస్తున్నా మిమ్మల్ని గ్రూపులోంచి తీసెయ్యమని అడ్మిన్‌కు నేను చెప్పలేదు. కారణముంది. భద్రకాళి చెరువులో పూడిక తీయడానికి 2024 నవంబర్‌లో నీళ్లు వదిలేసినప్పుడు ఒకరోజు పొద్దున మీ నుంచి గులాబీ రాలేదు. అక్షరాలొచ్చాయి: "కట్ట మీదికి వాకింగ్‌కు పోయిన. చెరువుల నీళ్లు లేవు. బురదల కొంగలు దిరుగుతున్నయ్. చూడబుద్ధి గాలే, ఎన్కకొచ్చిన." అంతే. మెరుపుల్లేవు, కాఫీ కప్పు లేదు. ఆ రోజు గ్రూపులో ఎన్నడూ నోరెత్తని వాళ్లు కూడా రాశారు. ఒకాయన తన చిన్నప్పుడు చెరువు అలుగు పోసిన ఏడాది సంగతి చెప్పాడు. మిర్చి వ్యాపారి ఆ కొంగల గురించే రెండుసార్లు అడిగాడు. టీచరమ్మ మీ మాటలను తన బడిపిల్లలకు చదివి వినిపించింది. సంతోషం గురించి రాసిన మెసేజీ కాదది, అయినా అందరికీ దగ్గరయింది. 'అందమైన' అన్న మాట అందులో లేదని మీరు గమనించే ఉండరు.

మర్నాడు మళ్లీ గులాబీ వచ్చింది.

మీరు పంపని రోజు "అన్నకేమైంది?" అని ఇద్దరు ముగ్గురు అడుగుతారన్నదీ నిజమే. 'నేనున్నా' అని చెప్పడానికే పంపుతున్నారేమో కూడా. అట్లయితే "నేనున్నా" అని రాయండి. రెండు మాటలు చాలు, ఫోన్ నిండదు, టీచరమ్మ రాసింది పైకి పోదు.

మూడు విన్నపాలు. రాత్రి రాసినవి చదివాకే పొద్దున ఏదైనా పెట్టండి. కాళోజీ ఫోటో కింద ఏ మాటైనా పెట్టాలనిపిస్తే అది ఏ పుస్తకంలోదో, ఏ పేజీలోదో పక్కన రాయండి. తెలియకపోతే పంపకండి. మూడోది, రేపు మాతో పాటు మీరూ రాయాలని గ్రూపులో అనుకున్నాం. ఈ వారం అంశం: నిన్న మీ ఇంట్లో ఎవరు నవ్వారు, దేనికి నవ్వారు. ఐదు వాక్యాలు. మన మాటల్లోనే రాయండి, పుస్తకాల భాష అక్కర్లేదు. బొమ్మ వద్దు.

మీ గ్రూపు చెల్లె
హనుమకొండ