తాతగారి సంతకం, బామ్మగారి వయసు

30 చదరపు కిలోమీటర్ల యానాంలో కాలయంత్రం గనక దిగితే, మొదటి టికెట్టు 1962 ఆగస్టు 16కే తెగుతుంది. ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాం చట్టప్రకారం మన దేశంలో కలిసిన ఆ రోజు నుంచి ఆరు నెలల్లోగా, ఫ్రెంచివాళ్లుగానే ఉంటామని కాగితం రాసిచ్చినవాళ్లకు ఫ్రెంచి పౌరసత్వం నిలిచింది. మరి మన తాతగారు రాసిచ్చారా, గోదారి గట్టున చుట్ట కాలుస్తూ గడువు దాటించేశారా? ప్యారిస్ ప్రయాణం దక్కని మనవడికి ఇంతకు మించిన వంశరహస్యం ఏముంటుంది!

రెండో టికెట్టు 1930కి. బామ్మగారి పెళ్లినాటి వయసు తేలాలిగా! ఆ ఏప్రిల్ 1న శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14 నిండందే పెళ్లి చేయకూడదంది. పొలిమేర ఇవతల బ్రిటిషు చట్టం, అవతల ఫ్రెంచి యానాం. ఇంకేం, పెళ్లివారంతా బళ్లు కట్టుకుని అక్కడికే. ఊరికి కల్యాణపురమని పేరే పడింది.

"పెళ్లినాటికి నాకు పదహార్రా అబ్బాయ్" అని బామ్మ ఇన్నేళ్లూ చెబుతూనే వచ్చింది. పదహారేళ్ల పిల్లకి యానాం దాకా బండెందుకు? కట్టారో లేదో తేల్చడానికి కాలయంత్రమెందుకు? అటకమీది శుభలేఖ దించి, పెళ్లి ఏ ఊళ్లోనో చూసుకోండి.