షెర్మన్ పర్వతాన్ని సునాయాసంగా ఎక్కి ఇక్కట్ల పాలయ్యే విధానం

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 14,000 అడుగులకు, అంటే దాదాపు 4,267 మీటర్లకు మించిన శిఖరాలను అక్కడివారు ‘ఫోర్టీనర్లు’ అంటారు. ఇలాంటివి యాభైకి పైగా ఉండగా, మస్కీటో పర్వతశ్రేణిలోని మౌంట్ షెర్మన్ అతి సులువైన వాటిలో ఒకటిగా పేరు పొందింది. ఫేర్‌ప్లే పట్టణం వైపు నుంచి ఫోర్‌మైల్ వాగు వెంట సాగే మట్టిరోడ్డు కారును సుమారు 12,000 అడుగుల ఎత్తు దాకా చేరుస్తుంది. అక్కడి గేటు నుంచి రానూ పోనూ 8 కిలోమీటర్ల పైచిలుకు నడక, 2,000 అడుగులకు కాస్త మించిన ఎక్కుడు మాత్రమే మిగులుతాయి. తాళ్లతో గాని, మంచుగొడ్డళ్లతో గాని వేసవిలో పని పడదు కనుక, ఏ సన్నాహమూ లేకుండా బయలుదేరదలచినవారికి ఇంతకంటే యోగ్యమైన కొండ దొరకడం కష్టం.

మొదటి నియమం ఎత్తుకు అలవాటు పడకపోవడం. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగు యువకుడు శుక్రవారం రాత్రి విమానమెక్కి, శనివారం తెల్లవారేసరికి ఈ గేటు ముందు నిలిస్తే ఆ నియమాన్ని అక్షరాలా పాటించినట్టే. ఆంధ్రప్రదేశ్‌లోని అత్యున్నత శిఖరాలు సుమారు 1,680 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి గనుక, ఇక్కడ కారు దిగిన చోటే వాటికి రెట్టింపు ఎత్తు దాటిపోయి ఉంటుంది. శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతం మాత్రమే కావడంతో, ఒంటికి తగినంత ప్రాణవాయువు అందక తలనొప్పి, వికారం, తూలుడు మొదలవుతాయి. దీన్ని ఎత్తుజబ్బు అంటారు. వెంటనే దిగిపోవడమే దానికి మందు కాబట్టి, నెపాన్ని ముందురోజు తిన్న బిర్యానీ మీదికి నెట్టి ఇంకా పైకి పోవడం ఉత్తమం.

దారి ఇంత సుగమంగా ఉన్నందుకు కొండను మెచ్చుకోవాలే తప్ప, దాన్ని ఎవరు వేశారని ఆరా తీయకూడదు. తీస్తే, పంతొమ్మిదో శతాబ్దం చివర వెండి, సీసం, జింకు కోసం ఈ గుట్టలను తొలిచిన కార్మికులు కంచరగాడిదలకూ బండ్లకూ అనువుగా చెక్కిన బాట ఇదని బయటపడుతుంది. పర్వతానికి అంతర్యుద్ధ కాలపు సేనాని విలియం టెకుమ్సే షెర్మన్ పేరు పెట్టారు. ఆయన తమ్ముడు, సెనేటర్ జాన్ షెర్మన్ పేరుతోనే 1890లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వం నెలకు 45 లక్షల ఔన్సుల వెండి కొనవలసి వచ్చింది. 1893లో వెండి ధర కుప్పకూలి, ఆ చట్టమూ రద్దు కావడంతో కొలరాడోలో గనులు వరుసగా మూతపడ్డాయి. అన్నగారి పేరున్న కొండ మీద తమ్ముడుగారి చట్టం పోయినందుకు వీధిన పడ్డవాళ్లను తలచుకుంటే నడక వేగం తగ్గుతుంది కాబట్టి, ఈ ప్రస్తావన ఇంతటితో చాలు.

దారిలో మొదట డాంట్‌లెస్ గని, ఆపైన హిల్‌టాప్ గని తగులుతాయి. హిల్‌టాప్ దగ్గర ఎండకూ మంచుకూ బూడిదరంగు తిరిగిన పలకల కట్టడమొకటి ఒక పక్కకు ఒరిగి నిలిచి ఉంది. పలకల మధ్య సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది, మేకుల చుట్టూ తుప్పు చారలుగా కారి ఎండిపోయి ఉంటుంది. ఫొటో కోసం దాని దూలాన్ని ఆనుకుని నిలబడటం ఆచారం. గనుల్లోకి అడ్డంగా తవ్విన సొరంగాన్ని అడిట్ అనీ, నిలువుగా దింపిన గోతిని షాఫ్ట్ అనీ అంటారు. అడిట్‌లోకి ఫోన్ వెలుతురుతో దూరిన ఔత్సాహికుడికి లోపలి నేల మీద పుచ్చిన పలకలు తగిలితే, వాటి కింద షాఫ్ట్ ఉందో లేదో తెలుసుకునే శాస్త్రీయ పద్ధతి వాటి మీద అడుగు వేయడమొక్కటే. ఆక్సిజన్ లేని గాలికి వాసన ఉండదు గనుక, అది ముందుగా హెచ్చరించి ఆసక్తిని చెడగొట్టదు. పాత గనుల నుంచి నారింజరంగులో నీరు కారుతుంటే అందులో సీసా నింపుకోవచ్చు. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం గాలికీ నీటికీ తగిలి ఆమ్లంగా మారడం వల్ల లోహాలు కరిగి వచ్చిన ఆ నీరు ఏ దుకాణంలోనూ దొరకదు.

ఈ నేలలో చాలా భాగం ఇప్పటికీ ప్రైవేటు ఆస్తి అన్న సంగతి కూడా పట్టించుకోనక్కరలేదు. 1872 నాటి గనుల చట్టం కింద ఎకరం 5 డాలర్లకు పట్టా పొందిన గనిభూములు చేతులు మారుతూ వచ్చాయి. ఎవరైనా గాయపడి దావా వేస్తారన్న భయంతో, 2023లో పొరుగునున్న డెమోక్రాట్, లింకన్ శిఖరాల దారులను యజమాని మూయించగా, తగిన హెచ్చరిక బోర్డులు పెట్టినవారికి రక్షణ కల్పిస్తూ 2024లో శాసనసభ చట్టాన్ని సవరించవలసి వచ్చింది. ఆ బోర్డులను చదవకుండా దాటిపోవడం శాసనసభ శ్రమకు తగిన గౌరవం.

జులై, ఆగస్టు మాసాల్లో మధ్యాహ్నం ఉరుములు, పిడుగులు దాదాపు నిత్యకృత్యం కాబట్టి అనుభవజ్ఞులు పన్నెండు లోపే శిఖరం దిగి వచ్చేస్తారు. ఆ సమయానికి బయలుదేరితే దారి ఖాళీగా ఉంటుంది. చెట్లు మొలవని ఎత్తులో, బోడి శిఖరరేఖ మీద, నిలువెత్తు మనిషే చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తయిన వస్తువు కావడం వల్ల పిడుగుకు వెతుక్కునే శ్రమ తప్పుతుంది. చాటుకు నక్కుదామన్నా వీలుండదు. శిఖరం ఎంత బల్లపరుపుగా ఉంటుందంటే, 1967 జనవరిలో ఒక చిన్న విమానం దాని మీద అత్యవసరంగా దిగినా అందులోనివారు ప్రాణాలతో బయటపడ్డారు.

దిగేటప్పుడు షెర్మన్‌కూ పక్కనున్న షెరిడాన్ శిఖరానికీ మధ్యనున్న కనుమ దగ్గర మేఘం కమ్మితే, దిక్సూచి తీయకుండా కాళ్లకు తోచినట్టు పోవడం మంచిది. తూర్పుకు దిగితే కారు దగ్గరికే చేరడం మినహా ఏ విశేషమూ ఉండదు. పడమరకు దిగితే అయోవా గల్చ్ అనే లోయ మీదుగా లెడ్‌విల్ ఊరు వస్తుంది, కారు పర్వతశ్రేణికి ఆవల నిలిచిపోతుంది, దాన్ని చేరడానికి రోడ్డు మీద కనుమలు దాటుతూ చుట్టు తిరగాలి. అయితే లెడ్‌విల్‌లో జాతీయ గనుల మ్యూజియం ఉంది. లిఫ్ట్ ఇచ్చేవారు దొరికేదాకా, వచ్చిన దారిని ఎవరు తవ్వారో అందులో తీరిగ్గా చదువుకోవచ్చు.