మౌంటు మార్పిడి పద్యానికి టీకా తాత్పర్యం

ఎర్రదీపాన నిలువఁగా నింజనూగు,
వెనుక గేరున దిగువన వేయు దెబ్బ;
రబ్బరరిగిన మౌంటును రాల్చి, కొత్త
దాని బిగియింపు జాకిపై దారువుంచి.

అవతారిక: ఫ్రీమాంట్‌లో ఒకానొక గృహస్థు తన పాత కొరోలా వణుకు మాన్పదలచి, శనివారం పొద్దున్నే గరాజు ముందు జాకీతో ప్రత్యక్షమైన సందర్భంలోది ఈ తేటగీతి.

ప్రతిపదార్థం: ఎర్రదీపానన్ = మౌరీ అవెన్యూ, ఫ్రీమాంట్ బులేవార్డ్ కలిసేచోటి సిగ్నలు వంటి దానియందు; నిలువఁగాన్ = గేరు ‘డీ’లోనే ఉంచి బ్రేకు తొక్కి ఆగియుండగా; ఇంజను + ఊగు = ఇంజను వణకును; వెనుక గేరునన్ = రివర్సు వేయునపుడు; దిగువనన్ = కాళ్ళ కింద; వేయు దెబ్బ = ‘ధడ్’మని కొట్టును; రబ్బరు + అరిగిన = రబ్బరు పాడైన; మౌంటును రాల్చి = ఊడదీసి (కవికి యతి కావలసి రాల్చాడు; చదువరి మాత్రం నిదానంగా దించాలి); కొత్తదానిన్ = కొత్త మౌంటును; జాకిపైన్ = జాకీ మీద (ఛందస్సు కోసం పోయిన దీర్ఘం); దారువు + ఉంచి = చెక్క పెట్టి; బిగియింపు = బిగించుము.

తాత్పర్యం: సిగ్నల్లో కారు వణికి, రివర్సులో ధడేల్‌మంటే ఇంజన్ మౌంటు పోయింది. మార్చు. పద్యం ఇంతే, మిగతాదంతా వ్యాఖ్యాత తంటా.

విశేషాలు: మౌంటుది చిత్రమైన ఉద్యోగం. ఇంజన్‌ని గట్టిగా పట్టుకోవాలి, కానీ దాని కుదుపు లోపల కూర్చున్నవాళ్ళకి తెలియనివ్వకూడదు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 700 చుట్లు తిరుగుతూ ఊరికే ఉన్నప్పుడు కూడా సెకనుకు 23 సార్లు చిన్నగా కుదుపుతుంది. ఆ కుదుపులన్నీ మింగేది రెండు లోహపు ముక్కల మధ్య అతికించిన రబ్బరు. బానెట్ కింద వేడికి మగ్గి, కారిన ఆయిలుకి ఏళ్ళ తరబడి నాని అది పగులుతుంది. కొన్ని మౌంట్ల కడుపులో ద్రవం కూడా ఉంటుంది. అది కారిపోతే మౌంటు చుట్టూ నల్లటి జిడ్డు.

‘ఎర్రదీపాన’ అనడంలో ఔచిత్యం గమనించాలి. 680 ఫ్రీవే మీద పోతున్నంతసేపూ ఈ జబ్బు బయటపడదు. గేరులో ఉన్న ఇంజన్‌ని బ్రేకుతో అదిమిపెట్టినప్పుడే పడుతుంది. పైగా ఏసీ కూడా వేస్తే, అద్దంలో వెనక కారు నంబరు ప్లేటు అలుక్కుపోయి కనిపిస్తుంది.

శంక: తప్పు మౌంటుదేనని కవికి ఎలా తెలిసింది?

సమాధానం: హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు పెడలు గట్టిగా తొక్కి, ఒకరు గేరు డీ నుంచి ఆర్‌కి మార్చాలి. ఇంకొకరు ఎత్తిన బానెట్ పక్కన (ఎదురుగా కాదు సుమా!) నిలబడి చూడాలి. “ఏమండీ, ఇది లేచి కూర్చుంటోందండీ” అని ఇల్లాలు కేక వేస్తే ప్రమాణం దొరికినట్టే.

ఈ పద్యానికి ప్రాణం ‘దారువు’. మౌంటు విప్పేముందు ఇంజన్ బరువు జాకీ మోయాలి. జాకీ తలని నేరుగా ఆయిల్ పాన్‌కి ఆనిస్తే పాన్ సొట్టపోతుంది, పగిలినా పగలొచ్చు. మధ్యన మందమైన చెక్క ఉంటే బరువు పరుచుకుంటుంది. ఎంత ఎత్తాలో కవి చెప్పలేదు. మౌంటు మీద భారం తగ్గి, బోల్టు నలగకుండా బయటికొచ్చేటంత చాలు. కారు కిందకి దూరాల్సి వస్తే కారుకి వేరుగా స్టాండ్లు పెట్టాలి. జాకీని మాత్రమే నమ్మి దూరినవాడికి వ్యాఖ్యానంతో పని ఉండదు.

‘మౌంటును’ అన్న ఏకవచనం మీద పెద్ద వివాదం. ఈ కొరోలాకి ఉన్నవి నాలుగు. ఒకటి పోతే ఆ భారం మిగతా మూడింటి మీదా పడుతుంది కనక అన్నీ మార్చాలని ఒక పక్షం. ‘ఒకదాని తర్వాత ఒకటి’ అని కవి హృదయమని నా పక్షం: నాలుగూ ఒకేసారి విప్పితే ఇంజన్ జరిగి, బోల్టుకీ కన్నానికీ చుక్కెదురవుతుంది. కొత్తదాని బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి ఎక్కించి, ఇంజన్‌ని దించి, అది కుదురుకున్నాక టార్క్ రెంచితో బిగించాలి. ఆ రెంచి లేకపోతే ఆటోజోన్‌లో డిపాజిట్ కట్టి అరువు తెచ్చుకోవచ్చు.

పూర్వపక్షం బావమరిదిది: “బావా, టెస్లా ఫ్యాక్టరీ పక్కనే పెట్టుకుని ఇంకా ఈ డొక్కుతో కుస్తీ ఏంటి?”

దీనికి సిద్ధాంతం ముందద్దం మూలన ఉన్న విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య). అది 1ఎన్ఎక్స్‌తో మొదలైతే కారు పుట్టిల్లు ఆ ఫ్యాక్టరీయే. 1982లో జనరల్ మోటార్స్ మూసేసిన ఆ షెడ్లలోనే టయోటా, జీఎం కలిసి 1984లో నూమీ పేరుతో పని మొదలెట్టాయి. 2010 ఏప్రిల్ 1న అక్కడి ఆఖరి కొరోలా బయటికొచ్చింది. టెస్లా వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి ఈ డొక్కు ఆ ఇంటి పెద్దబిడ్డ. ఇంతకీ కరెంటు కారు మోటారుకీ మౌంట్లుంటాయి బామ్మర్దీ!

రబ్బరు మహిమ అమెరికాలో బాగా ఊరేగింది 1931లో. ప్లిమత్ కారు ‘ఫ్లోటింగ్ పవర్’ పేరుతో ఇంజన్‌ని రబ్బరు మీద తేలగట్టింది. ఫ్రాన్సులో సిత్రోయెన్ ఆ హక్కులు కొనుక్కుని హంసను గుర్తుగా పెట్టుకుంది. హంస కనిపిస్తే పాలూ నీళ్ళూ వేరు చేయించకుండా వదలని వ్యాఖ్యాతలకి మనవి: ఇక్కడ వేరు చేయాల్సింది ఇంజన్‌నీ బండి చట్రాన్నీ.

చివరి శంక: కొత్తది బిగించాక కూడా వణికితే? దానికి స్పార్క్ ప్లగ్గుల మీద వేరే పద్యం ఉంది, సీసం. పెద్దది. వచ్చే శనివారం.